చిత్రము ముగిసిన తరువాత



చలనచిత్రములను గూర్చి మన యిండ్లలో మాటలకు కొదువ లేదు. ఏ పాట బాగున్నది, ఏ నటి కట్టిన చీర యందముగా నున్నది, ఏ ఘట్టము కన్నీరు తెప్పించినది అని మనమందరము చెప్పుకొనుచునే యుందుము. కాని చిత్రమును చూచి, దీపములు వెలిగిన పిమ్మట లేచిపోక, అచ్చటనే కూర్చుండి, "ఈ కథలోని మనుష్యు లేమి నమ్మిరి? ఆ నమ్మకము వారిచేత నేమి చేయించినది? నేనైన నట్లు చేయగలనా?" యని యొకరి నొకరు ప్రశ్నించుకొను పద్ధతి మనలో నింకను పాదుకొనలేదు. కథోలిక క్రైస్తవులు నడుపు విశ్వవిద్యాలయములలో నీ పద్ధతి చాలకాలముగా నున్నది. వారు తమ విశ్వాసమునకు సంబంధించిన చిత్రములను విద్యార్థులకు జూపి, పిదప చర్చ జరుపుదురు. ఈ మాసము మన శీర్షికలో ఆ సంగతి ముచ్చటించుకొందము.

ఇది మన కేల యని కొంద రడుగవచ్చును. జనగామ జిల్లాలోని చిల్పూరువంటి గ్రామములనుండి నేడు ఆడపిల్లలు చదువులకై హనుమకొండకును, హైదరాబాదునకును, విజయవాడకును, బెంగుళూరునకును పోవుచున్నారు. వారు చేరు కళాశాలలలో కొన్ని కథోలిక గురువులచేతను, మఠకన్యలచేతను స్థాపింపబడినవి. విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాల 1953లోను, మారిస్ స్టెల్లా కళాశాల 1962లోను వెలసినవి. హైదరాబాదు బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల 1959లో స్థాపింపబడినది. చిల్పూరునకు సమీపముననే, వరంగల్లు కథోలిక మేత్రాసనము 1952లో నేర్పడినది. ఈ విద్యాలయములలో అన్ని మతముల బిడ్డలును చదువుకొనుచున్నారు. అట్టి చోట చదువు బిడ్డ యొకనాటి సాయంకాలము ఇంటికి ఫోను చేసి, "అమ్మా, శనివారము ఇక్కడ ఒక క్రైస్తవ కథను తెరమీద చూపి తరువాత చర్చ పెట్టుదురట. నేను పోవచ్చునా?" యని యడిగినచో, తల్లి యేమి చెప్పవలెను?

ఈ ప్రశ్న వినుటకు చిన్నదే. కాని దీనివెనుక నున్న భయము చిన్నది కాదు. పిల్ల మనసు మారునేమో, నలుగురు నేమందురో, రేపు పెండ్లిమాటలయందు ఎవరైన దీని నెత్తి చూపుదురేమో యని తల్లికి గుండె దడదడలాడును. మన తెలంగాణపు పలుకులో దీనిని 'బుగులు' అందుము. చిల్పూరు గుట్టమీద వెలసిన స్వామి పేరే బుగులు వేంకటేశ్వరస్వామి. కుబేరుని యప్పు తీర్చు దారి తోచక, ఆ బుగులుతో స్వామి యీ గుట్టమీద గుహలో కూర్చుండెనని స్థలపురాణము. దేవునికే బుగులు కలిగెనని చెప్పుకొను నూరిలో, ఆడపిల్ల తల్లికి బుగులు కలుగుట వింత కాదు, తప్పును కాదు. కాని బుగులుపడి "వద్దు" అని ఫోను పెట్టివేయుట యొకటి. ఆ బుగులునకు కారణ మెంతవర కున్నదో విచారించుట మరియొకటి. మనము రెండవది చేయుదము.

మొదట నీ ప్రదర్శనము లెట్లు జరుగునో తెలిసికొనవలెను. ఒక యధ్యాపకుడో, ఒక విద్యార్థిసంఘమో చిత్రము నెన్నుకొందురు. ఆరంభమున నెవరైన నొకరు నాలుగు మాటలలో ఆ చిత్ర మెవరు తీసిరి, ఏ కాలమునాటిది, ఏమి గమనింపవలెను అని చెప్పుదురు. తరువాత నందరును చిత్రమును జూతురు. ముగిసిన వెనుక గంటసేపో, అంతకు కొంచెము తక్కువయో చర్చ జరుగును. అది పురాణకాలక్షేపము కాదు, పరీక్షయు కాదు. తప్పు చేసినవానిని క్షమించుట యనగా నేమి? దేవుడు మౌనముగా నున్నాడని తోచినప్పుడు భక్తు డేమి చేయును? పరుల బాధను మనము మీద వేసికొనవచ్చునా? ఇట్టి ప్రశ్నలు పుట్టును. నమ్మువారును, నమ్మనివారును, సందేహించువారును మాటలాడుదురు. మంచి చర్చకు గురుతు ఇదియే: కాదనువానికిని ఔననువానికిని సమానముగా చోటుండవలెను.

కథోలిక సంఘమునకు చలనచిత్రముతో గల సంబంధము మొదటినుండియు నింత సుముఖముగా లేదు. సినిమా పుట్టిన కొలదికాలమునకే మతపెద్దలకు దానిమీద అనుమానము కలిగెను. 1928లో హాలెండులోని హేగ్ నగరమున కథోలికుల అంతర్జాతీయ చలనచిత్రసంఘ మేర్పడెను. 1936లో పదునొకండవ పయస్ పోపు చలనచిత్రములను గూర్చియే యొక ప్రత్యేకలేఖ వ్రాసి, చెడ్డచిత్రములవలన యువజనులకు గలుగు కీడును గూర్చి గట్టిగా హెచ్చరించెను. మంచిచిత్రములు మేలు చేయగల వనియు నందే యంగీకరించెను. 1955లో పండ్రెండవ పయస్ పోపు ఆదర్శచిత్రము ఎట్లుండవలెనో రెండు ప్రసంగములలో వివరించెను. అనగా ఇరువది యేండ్లలోపల, "ఏది చూడకూడదు?" అను ప్రశ్నప్రక్కన "ఏది చూడదగినది, ఎట్లు చూడవలెను?" అను ప్రశ్నయు వచ్చి నిలిచినది. మన యిండ్లలోను కొందరు తల్లులు ఈ దారినే నడచిరి గదా! మొదట సినిమా పేరెత్తిన కోపపడువారే, తరువాత మంచి చిత్రము వచ్చినప్పుడు బిడ్డలను వెంటబెట్టుకొని పోయిరి.

1995లో చలనచిత్రము పుట్టి నూరేండ్లు నిండిన సందర్భమున వాటికనువారు 45 చిత్రముల పట్టిక నొకటి ప్రకటించిరి. మతమునకు సంబంధించినవి 15, మానవధర్మములకు సంబంధించినవి 15, కళకు సంబంధించినవి 15. ఈ పట్టికలో క్రీస్తు కథలును, సాధువుల చరిత్రములును మాత్రమే యున్నవనుకొనరాదు. 1982లో వచ్చిన 'గాంధీ' చిత్రము ధర్మమునకు సంబంధించిన పదునైదింటిలో నొకటి. దొంగిలింపబడిన సైకిలుకొరకు కొడుకును వెంటబెట్టుకొని వీధివీధియు వెదకు పేదతండ్రి కథ 'బైసికిల్ థీవ్స్' అందున్నది. నలుగురు అక్కచెల్లెండ్ర కథయైన 'లిటిల్ విమెన్' 1933నాటి చిత్రము కళావిభాగమున నున్నది. మహాత్ముడు క్రైస్తవుడు కాడు. అయినను ఆయన జీవితమునుండి నేర్చుకొనదగినది కలదని వారు గుర్తించిరి. పరుల మతములోని పెద్దవానిని చూచి నేర్చుకొన్నంతమాత్రమున వారి మతము వారికి పోలేదు. ఈ మాట మనకును వర్తింపదా?

వర్తించునని చెప్పుటకు మనదేశపు చలనచిత్రచరిత్రలోనే పెద్ద నిదర్శనమున్నది. 1910-11 ప్రాంతమున బొంబాయిలో దాదాసాహెబు ఫాల్కే యను మహారాష్ట్రుడు క్రీస్తుజీవితమును గూర్చిన యొక మూగచిత్రమును చూచెను. ఆ చిత్ర మాతని నిలువనీయలేదు. కాని చూచి యాతడు క్రైస్తవుడు కాలేదు. తెరమీద క్రీస్తు నడచుచుండగా, మన రాముడును కృష్ణుడును అట్లే తెరమీద నడువరాదా యని యాతనికి తోచినది. ఆ తలంపునుండి పుట్టినదే 1913 మే 3వ తేదీన బొంబాయిలో విడుదలయైన 'రాజా హరిశ్చంద్ర'. పరుల దేవుని కథ యొకటి మన సత్యహరిశ్చంద్రుని తెరమీదికి తెచ్చినది.

ఈ కథలో మన మెక్కువగా తలచుకొనవలసిన పేరు మరియొకటి కలదు. అది ఫాల్కేగారి భార్య సరస్వతీబాయి. ఆమె తన నగల నిచ్చినది. ఫిల్ముపట్టీకి అంచున రంధ్రములు చేయుట నేర్చుకొన్నది. చీకటిగదిలో రసాయనములు కలిపి ఫిల్మును కడుగుట నేర్చుకొన్నది. పగలెల్ల ఆ పనివారికందరికి వండిపెట్టినది. అప్పట్లో చిత్రములో నటించుటకు స్త్రీ లెవరును ముందునకు రానందున తారామతి వేషమునుగూడ అన్నా సాలుంకే యను పురుషుడే ధరించెను. తెరమీద స్త్రీ లేదు; తెరవెనుక మాత్రము స్త్రీ చేతులే నిండియున్నవి. అంతకుముందే, 1906లో, ఫ్రాన్సుదేశమున ఆలిస్ గీ యను స్త్రీయే క్రీస్తుజీవితమును 25 ఘట్టములుగా చిత్రించెను. కనుక 'ఈ సంగతులు ఆడవారికేల?' యనువారికి సమాధానము చరిత్రలోనే యున్నది.

అటునుండి ఇటు వచ్చిన కథయు నున్నది. కెనడాదేశపు మాంట్రియలులో 1935లో పుట్టిన గాస్తోన్ రొబేర్జ్ అను యేసుసభ గురువు 1961లో కలకత్తాకు వచ్చెను. వచ్చుటకు ముందు న్యూయార్కులో సత్యజిత్ రాయిగారి అపూ చిత్రములు మూటిని చూచెను. వంగదేశపు పల్లెలో ఒక పేద బ్రాహ్మణకుటుంబము పడిన కష్టమును, ఆ తల్లి సర్వజయ మూగబాధను ఆ క్రైస్తవసన్న్యాసి తెరమీద చూచి కదలిపోయెను. తరువాత రాయిగారికి మిత్రుడయ్యెను. 1970లో కలకత్తాలో 'చిత్రబాణి' యను సంస్థను నెలకొల్పి, చిత్రములను చూచి ఆలోచించుట యెట్లో కొన్ని తరముల విద్యార్థులకు నేర్పెను. 2020లో స్వర్గస్థుడయ్యెను. ఫాల్కే క్రీస్తును చూచి హరిశ్చంద్రునివద్దకు పోయెను; రొబేర్జ్ అపూను చూచి మనదేశమునకు వచ్చెను. ఇద్దరిలో నెవరును తమ దేవుని విడువలేదు. ఇద్దరికిని చూపు మాత్రము విశాలమైనది.

ఇక మన తెలుగునాటి సంగతి. 1978లో విడుదలయైన 'కరుణామయుడు' చిత్రమును చూడనివారు మనలో పెద్దవారైన స్త్రీలలో తక్కువగా నుందురు. ఇందు క్రీస్తు పాత్రను ధరించిన విజయచందర్ ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనుమడు. దర్శకుడు ఏ. భీమ్‌సింగ్, ఆయన చిత్రము విడుదల కాకమునుపే, 1978 జనవరిలో మరణించెను. క్రిస్టఫర్ కొయెల్హో అను ఫ్రాన్సిస్ సభకు చెందిన కథోలిక గురువు చిత్రకథారచనలో పాలుపంచుకొనెను. మోదుకూరి జాన్సన్ మాటలు వ్రాసెను. మన పౌరాణికచిత్రముల పద్ధతిలో, పాటలతోను, భక్తిరసముతోను నడచుటవలన అది పరదేశపు కథగా మనకు తోచలేదు. అదే విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబా పాత్రను ధరింపగా, మన ప్రజలు ఆ చిత్రమునుగూడ అంతే యాదరముతో చూచిరి. క్రీస్తుగా చూచిన కన్నులతోనే బాబాగా చూచుటకు మన స్త్రీల కెంతమాత్రమును కష్టము కలుగలేదు.

కాని యిచట నొకమాట దాపరికము లేకుండ చెప్పవలెను. ఆ చిత్రమును హిందీ మొదలైన పెక్కుభాషలలోనికి మార్చి, యంత్రమును తెరను మోసికొనిపోయి, పల్లెపల్లెను చూపినవారిలో చాలమంది యుద్దేశము మతప్రచారమే. అది వారు దాచుకొన్న విషయమును కాదు. పల్లెవాడలో రాత్రివేళ తెరకట్టి చూపుట వేరు. విశ్వవిద్యాలయములో చూపి చర్చించుట వేరు. మొదటిదానిలో చూపువాడు తనకు తెలిసిన జవాబును మనకు చెప్పుటకు వచ్చును. రెండవదానిలో తనకును తెలియని ప్రశ్నను మనతో గలిసి యడుగుటకు కూర్చుండవలెను. ఈ కరుణామయుడు చిత్రమునుగూర్చియే స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున నొక పరిశోధకుడు గ్రంథము వ్రాసి డాక్టరుపట్టము పొందెను. అది యెట్లు తీయబడినది, ఎట్లు పల్లెలకు చేరినది, చూచినవారు దానిని ఎట్లు గ్రహించిరి అని యాతడు విచారించెను. అనగా ప్రచారమునకై చూపిన చిత్రమునుగూడ విద్యాలయము ప్రశ్నించి చూడగలదు. పేరునుబట్టి గాక, ప్రశ్నకు చోటున్నదా లేదా యను దానినిబట్టి మనము తారతమ్యము తెలిసికొనవలెను.

ఇట్టి చర్చలలో నెట్టి చిత్రములు చూపదగునో చెప్పుటకు, నేను ముందు చెప్పిన 45 చిత్రముల పట్టికలోనివే రెండింటిని చెప్పెదను. రెండును స్త్రీల కథలే.

మొదటిది వంటయింటి కథ. పేరు 'బాబెట్స్ ఫీస్ట్'. బాబెట్ పెట్టిన విందు అని యర్థము. 1987లో డెన్మార్కుదేశమున గాబ్రియేల్ ఆక్సెల్ తీసెను. ఉత్తమ విదేశచిత్రముగా ఆస్కారు బహుమానమును పొందినది. మూలకథ వ్రాసినది కారెన్ బ్లిక్సెన్ అను రచయిత్రి. సముద్రపుటొడ్డున నొక చిన్నయూరిలో, పెండ్లి లేక ముదిసిన అక్కచెల్లెండ్రిద్దరు తమ తండ్రి నెలకొల్పిన ప్రొటెస్టెంటు భక్తబృందమును చూచుకొనుచు నిరాడంబరముగా బ్రతుకుచుందురు. 1871లో పారిసునగరపు కల్లోలమునుండి పారిపోయివచ్చిన బాబెట్ అను కథోలిక స్త్రీ వారింట వంటకు కుదురును. ఎండుచేపలును, రొట్టెజావయు వండుచు పదునాలుగేండ్లు గడపును. ఒకనాడు లాటరీలో నామెకు పదివేల ఫ్రాంకులు వచ్చును. ఆమె యా ధనముతో స్వదేశమునకు పోలేదు, పెట్టెలో దాచుకొనలేదు. తమ తండ్రి నూరవ జన్మదినమున అక్కచెల్లెండ్రు చేయ దలచిన చిన్న విందును తానే చేసెద నని యడిగి, పండ్రెండుగురికి భోజనము పెట్టుటలో నా సొమ్మంతయు ఖర్చు చేసినది.

ఈ కథలో మనము గమనింపవలసినది భయము. పారిసునుండి వచ్చిన సామగ్రిని, బ్రతికియున్న తాబేటిని చూచి అక్కకు కలలో నరకాగ్ని కనబడినది. పరమతపు స్త్రీ వండు విందులో నేదో సైతానుమాయ యున్నదని వారు వణకిరి. బృందమువారందరును కూడి, తినక తప్పదు గాని యా భోజనమును గూర్చి యొక్కమాటయు మాటలాడరాదని కట్టడి చేసికొనిరి. కాని విందు సాగినకొలది వారి ముఖములు విచ్చుకొన్నవి. ఏండ్లతరబడి మాటలు లేనివారు ఒకరి నొకరు క్షమాపణ వేడుకొనిరి. వంటయింటిలో నిలిచిన బాబెట్ వారి మతమును మార్చలేదు. వారి కోపమును మార్చినది. పోపు ఫ్రాన్సిస్ 2016లో కుటుంబజీవితమును గూర్చి వ్రాసిన లేఖలో ఈ కథను జ్ఞాపకము చేసెను.

చర్చలో నీ చిత్రమును గూర్చి కథోలికులు తమ దివ్యసత్ప్రసాదమును ప్రస్తావింతురు. పూజలో అర్పించిన రొట్టెయు, ద్రాక్షారసమును నిజముగా క్రీస్తు శరీరమును రక్తమును అగునని వారి విశ్వాసము. మన పిల్ల యది విని, "మా యింట గూడ దేవునికి నైవేద్యము పెట్టి ప్రసాదము పంచుదురు" అని చెప్పవచ్చును. అప్పుడు రెండును ఒకటియే యని తేల్చివేయుట తొందరపాటు. మనము పెట్టినదానిని దేవుడు స్వీకరించి మరల మన కనుగ్రహించునని ప్రసాదమునందలి భావము. దేవుడే ఆహారమై వచ్చునని వారి భావము. పోలిక యెంతవరకో, భేద మెచ్చటనో తెలిసిన పిల్లకు తన యింటి ప్రసాదము అర్థముగూడ మునుపటికంటె బాగుగ తెలియును. ఇన్నాళ్లు అలవాటుచేత కన్నుల కద్దుకొన్నదానిని ఇప్పుడు తెలిసి కన్నుల కద్దుకొనును.

రెండవది న్యాయస్థానపు కథ. 1928లో కార్ల్ డ్రేయర్ తీసిన 'జోన్ ఆఫ్ ఆర్క్' మూగచిత్రము. చదువురాని పల్లెపడుచు జోన్, దేవుని వాక్కు విన్నానని చెప్పి ఫ్రాన్సుసేనను నడిపినది. శత్రువులకు చిక్కిన పిమ్మట గొప్ప చదువులు చదివిన మతపండితులు అనేకులు చుట్టుచేరి యామెను ప్రశ్నలతో వేధించిరి. 1431లో మతన్యాయస్థానము ఆమెను దోషిగా నిర్ణయింపగా, ఆంగ్లేయు లామెను సజీవముగా దహించిరి. అప్పటి కామెకు పందొమ్మిదేండ్ల ప్రాయము. 1456లో ఆ తీర్పు చెల్లదని సంఘమువారే కొట్టివేసిరి. 1920లో నామెను పునీతురాలిగా ప్రకటించిరి. చిత్రములో నెక్కువభాగము ముఖములే. ఫాల్కొనెట్టి యను నటి ముఖమున కన్నీరు జారుచుండగా చూచినవారు దానిని మరువజాలరు. దీని మొదటి ప్రతి కాలిపోయినది. పోయినదే యనుకొనగా, 1981లో నార్వేదేశమున నొక మానసికచికిత్సాలయములో నొక మంచి ప్రతి దొరకినది.

ఈ చిత్రమును కథోలిక విద్యాలయములో చూపుట తేలిక సంగతి కాదు. "మీ మతపెద్దలే గదా యీ పిల్లను దోషి యనిరి? తరువాత వారే పునీతురా లనిరి. ఏది సత్యము?" అని యే విద్యార్థినియైనను అడుగవచ్చును. అడుగవలెను. అట్టి ప్రశ్న లేచినప్పుడు సభలోనివారు కోపపడక, "ఔను, మావారు తప్పు చేసిరి, అంతరాత్మకును అధికారమునకును వైరము కలిగినప్పు డేమి చేయవలెనో ఆలోచింపుడు" అని చెప్పగలిగిన, అది నిజమైన చర్చ. మన పురాణములలో ఇట్టి ప్రశ్నలు లేవా? నిండుసభలో ద్రౌపది ధర్మమును గూర్చి యడిగిన ప్రశ్నకు భీష్ముడంతవాడు సూటిగా జవాబు చెప్పలేకపోయెను. జోన్‌ను చూచివచ్చిన మన పిల్లకు ద్రౌపది గుర్తు రావచ్చును. వచ్చినచో ఆ సాయంకాలము వృథా కాలేదు.

ఇంత చెప్పినను, తల్లి జాగ్రత్త తల్లికి ఉండవలసినదే. మన రాజ్యాంగములోని 28వ అధికరణపు మూడవ ఖండము ఈ విషయమున మనకు అండగా నున్నది. ప్రభుత్వము గుర్తించిన విద్యాసంస్థలోగాని, ప్రభుత్వధనమునుండి సాయము పొందు సంస్థలోగాని చదువువారిని, అచట జరుగు మతబోధలో పాల్గొనుమనిగాని, ప్రార్థనకు రమ్మనిగాని, వారి సమ్మతి లేనిదే నిర్బంధింపరాదు. మైనరు బిడ్డయైన పోషకుల సమ్మతి కావలెను. ఇది ఏ యొక్క మతమునకో యెదురుగా చేసిన చట్టము కాదు. అన్ని మతముల విద్యాలయములకును ఒకటే. క్రైస్తవుల బిడ్డ హిందూసంస్థలో చదివినను ఆ బిడ్డకును ఇదే రక్షణ. కనుక పిల్లకు తల్లి మొట్టమొదట నేర్పవలసినది భయము కాదు, తన హక్కు.

తరువాత నాలుగు ప్రశ్నలు వేసి చూడుమని చెప్పవలెను. చర్చకు పోవుట నా యిష్టమా, హాజరుపట్టికలో వ్రాయుదురా? కాదని పలికినవారి మాట వినుచున్నారా? ఇతర మతములవారిని గౌరవముతో ప్రస్తావించుచున్నారా? చివరకు నన్ను దేనికైన సంతకము పెట్టుమనిగాని, ప్రమాణము చేయుమనిగాని అడుగుచున్నారా? ఈ నాలుగింటికిని తృప్తికరమైన జవాబు దొరకినచో పిల్లను నిరభ్యంతరముగా పోనీయవచ్చును. దొరకనిచోట మర్యాదగా లేచివచ్చుటకు తగిన ధైర్యము పిల్లకు మనము ముందే యిచ్చియుండవలెను. ఈ ప్రశ్నలు క్రైస్తవుల సభకే గాదు, మన మతమువారు జరుపు సభకును సరిపోవును.

ఇక నన్నిటికంటె ముఖ్యమైన మాట. పిల్ల చూచివచ్చిన పిమ్మట తల్లి యేమి చేయవలెను? చాలమంది తల్లులు పిల్లను పంపువరకు వాదించి, పంపిన తరువాత ఊరకుందురు. ఇది బాబెట్ విందులోని భక్తులు చేసికొన్న కట్టడివంటిది: తినుదురు గాని మాటలాడరు. మౌనము పిల్ల మనసులోని మార్పును ఆపజాలదు; ఆ మార్పు తల్లికి తెలియకుండ మాత్రము చేయును. మరునాడు తీరికగా, "ఏమి చూచితివి బిడ్డా? ఎవరి బాధ నీకు తోచినది? వారి మాటలలో నీకు నచ్చినదేది, నచ్చనిదేది? మన యింటి ఆచారములలో దేనికి అర్థము చెప్పలేక తడబడితివి?" అని యడుగుడు. చివరి ప్రశ్నకు జవాబు మనకును తెలియకపోవచ్చును. అట్లయిన ఇద్దరును కలిసి తెలిసికొనుడు. అమ్మమ్మ నడుగుడు, పురోహితుని నడుగుడు, పుస్తకము తెరచి చూడుడు. పిల్ల ప్రశ్నతో వచ్చిన యింటిలో జవాబుకొరకు వెదకు తల్లి కనబడినచో, ఆ పిల్ల జవాబుకొరకు మరియొక గడప త్రొక్కవలసిన యవసరము తగ్గును.

ఈ పని విశ్వవిద్యాలయములకే విడిచిపెట్టనక్కరలేదు. నేడు ప్రతి యింటిలోను టీవీ యున్నది; చేతిలో ఫోనున్నది. ఎవరి తెర వారు చూచుకొని, ఎవరి మూల వారు కూర్చుండుటయే యలవాటైనది. నెలకొక్కసారి యింటిల్లిపాదియు నొకచోట కూర్చుండి యొక మంచి చిత్రమును చూడుడు. అది హరిశ్చంద్రుని కథయే కానిండు, క్రీస్తు కథయే కానిండు, ఒక పేదతండ్రి సైకిలు కథయే కానిండు. ముగిసిన వెంటనే తెర నార్పి, అరగంట మాటలాడుకొనుడు. ఆ యరగంటలో మొదట మాటలాడు నవకాశము ఇంటిలో నెన్నడును అభిప్రాయ మడుగబడనివారికి ఇండు: క్రొత్తగా వచ్చిన కోడలికి, పదునాలుగేండ్ల ఆడపిల్లకు, ఊరినుండి వచ్చిన మేనత్తకు. పొరుగింట క్రైస్తవకుటుంబ మున్నచో వారిని పిలిచి, వారి కథను వారి నోటనే వినుడు. మన కథను మనము చెప్పుడు. తెలియని మతమును దూరమునుండి చూచి భయపడుటకంటె, తెలిసిన పొరుగమ్మ నడిగి తెలిసికొనుట సుఖము.

విశ్వాసము గాజుగిన్నెవంటిదని తలచి, ఎవరును తాకకుండ బీరువాలో దాచిపెట్టువారు కలరు. అది రాతిచిప్పవంటి దని నా తలంపు. నిత్యము పొయ్యిమీద పెట్టి వాడినకొలది గట్టిపడును. మూల పడవైచి మరచినప్పుడే పగులును. మన బిడ్డలను చూడనిండు, అడుగనిండు, ఇంటికి వచ్చి చెప్పనిండు. వారు చెప్పునప్పుడు వినుటకు మనము సిద్ధముగ నుందము.